పోలింగ్ జరగని సీట్లు ఎన్ని?

2021లో స్థానిక సంస్థల ఫలితాలు వచ్చినప్పుడు మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో అందరి నోటా నానిన అంకెలు కొన్నే. తిరుపతి కార్పొరేషన్‌లో 50 డివిజన్లకు వైసీపీకి 48. చిత్తూరు కార్పొరేషన్‌లో 50కి 46. పుంగనూరు మున్సిపాలిటీలో 31కి 31. ఈ అంకెల్లో అబద్ధం లేదు. అయితే వీటి వెనక ఇంకో అంకె ఉంది. దాన్ని చూడకుండా వీటిని చదివితే ఫలితం సగమే అర్థమవుతుంది. ఈ సీట్లలో అసలు ఓటు పడినవి ఎన్ని?

రెండు కార్పొరేషన్లనూ కలిపి చూద్దాం. యాభై, యాభై కలిపితే సరిగ్గా 100 డివిజన్లు కాబట్టి లెక్క తేలిక. తిరుపతిలో 22, చిత్తూరులో 37 డివిజన్లు ఏకగ్రీవమయ్యాయి. అంటే నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసేసరికి బరిలో ఒక్కరే మిగిలారు, ఆ ఒక్కరినీ గెలిచినట్టు ప్రకటించారు. తిరుపతి 7వ డివిజన్‌లో ఉపసంహరణ పత్రం మీద అభ్యర్థి సంతకం ఫోర్జరీ అయిందని ఫిర్యాదు రావడంతో రాష్ట్ర ఎన్నికల సంఘం ఆ ఎన్నికను ఆపేసింది. ఈ 60 పోగా మిగిలినవి 40. 2021 మార్చి 10న జనం క్యూలో నిలబడి ఓటేసింది ఆ నలభైలోనే. వాటిలో వైసీపీకి 35, టీడీపీకి 4, స్వతంత్రులకు 1 వచ్చాయి.

పుంగనూరులో పోలింగే జరగలేదు. 31 వార్డులూ ఏకగ్రీవం. రాష్ట్రంలో అలా మొత్తానికి మొత్తం ఏకగ్రీవమైన మున్సిపాలిటీలు నాలుగే: పుంగనూరు, పులివెందుల, మాచర్ల, పిడుగురాళ్ల.

ఇక్కడ ఎవరికైనా వచ్చే మొదటి సందేహం: ‘పోలింగ్ జరిగిన చోట కూడా 40కి 35 గెలిచారు కదా, ఏకగ్రీవాలు లేకపోయినా గెలిచేవాళ్లేమో?’ న్యాయమైన ప్రశ్నే. నూటికి 87 పైన అంటే చిన్న గెలుపు కాదు. ఆనాటి గాలి నిజం. అయితే ఓటు పడిన 40 డివిజన్లను చూసి, పడని 59లోనూ అదే ఫలితం వచ్చేదని అనుకోవడం ఊహ మాత్రమే. పోటీ జరిగిన చోట ప్రతి ఎనిమిది డివిజన్లలో ఒకటి అప్పటి అధికార పార్టీ వైసీపీకి దక్కలేదు. పోటీ జరగని చోట అలా దక్కకపోయే అవకాశమే లేదు. చిత్తూరు ఒక్కదాన్నే తీసుకుంటే తేడా ఇంకా బాగా కనబడుతుంది. ఓటు పడిన 13 డివిజన్లలో వైసీపీ గెలిచింది 9, మిగతా 4 ఇతరులవి. ఊరంతటి లెక్కలో 50కి 46గా కనిపించే బలం, ఓటరు మాట్లాడిన చోట 13కి 9.

తిరుపతిలో ఇది మరీ పట్టించుకోవలసిన విషయం. 2007లో కార్పొరేషన్ అయిన ఆ ఊరికి ఎన్నికైన పాలకమండలి రావడం అదే మొదలు. పద్నాలుగేళ్ల తర్వాత వచ్చిన ఎన్నిక అది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఊరి జనం 2 లక్షల 87 వేలు, అంటే డివిజన్‌కు సగటున 5,700 మంది పైన. పోలింగ్ జరగని 23 డివిజన్లలో ఉండేవాళ్లు సుమారు లక్షా 30 వేలు. మొదటి మేయర్‌ను తెచ్చిన ఎన్నికలో ఊళ్లో సగానికి కాస్త తక్కువ మంది వేలికి సిరా అంటలేదు.

పల్లెల సంగతికి వచ్చే ముందు, ఎవరికి ఎన్ని ఓట్లుంటాయో ఒకసారి చెప్పుకోవాలి. పట్నంలో ఓటరుకు ఒకే ఓటు. కార్పొరేటర్‌నో, వార్డు కౌన్సిలర్‌నో ఎన్నుకుంటాడు, మేయర్‌ను ఆ కార్పొరేటర్లు ఎన్నుకుంటారు. పల్లెలో నాలుగు ఓట్లు. పంచాయతీ ఎన్నికలో వార్డు సభ్యుడికి ఒకటి, సర్పంచికి ఒకటి. పరిషత్ ఎన్నికలో ఎంపీటీసీకి ఒకటి, జడ్పీటీసీకి ఒకటి. ఎంపీటీసీ అంటే మండల పరిషత్‌లో మన ఊరి తరఫున కూర్చునే సభ్యుడు, జడ్పీటీసీ అంటే జిల్లా పరిషత్‌లో మన మండలం తరఫున కూర్చునే సభ్యుడు. సర్పంచిని నేరుగా మనమే ఎన్నుకుంటాం. మండలాధ్యక్షుడిని ఎంపీటీసీలు, జిల్లా పరిషత్ చైర్మన్‌ను జడ్పీటీసీలు ఎన్నుకుంటారు.

ఇంకో తేడా కూడా ఉంది. సర్పంచి ఎన్నికలో పార్టీ గుర్తులుండవు. బ్యాలెట్ మీద ఉంగరం, కత్తెర లాంటి గుర్తులుంటాయి కానీ ఫ్యాను, సైకిలు ఉండవు. కాబట్టి ‘ఈ పార్టీకి ఇన్ని పంచాయతీలు’ అని వచ్చే లెక్కలన్నీ గెలిచినవారు ఎవరి మద్దతుదారులని చెప్పుకున్నారో చూసి వేసినవి. వాటికి ఎన్నికల సంఘం ముద్ర ఉండదు. ఒకే పంచాయతీని రెండు పార్టీలూ తమ ఖాతాలో వేసుకుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. వార్డు కౌన్సిలర్, ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు మాత్రం పార్టీ గుర్తుల మీదే జరుగుతాయి.

పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలుగా జరిగాయి. రాష్ట్రంలో నూటికి 80 మందికి పైగా ఓటేశారు. పట్నాల్లో ఆ అంకె 62 దగ్గర ఆగింది, పరిషత్ ఎన్నికల్లో 61 దగ్గర. మనిషి తన గడపకు ఎంత దగ్గర పదవైతే అంత పట్టుదలగా ఓటేస్తాడని ఈ మూడు అంకెలు చెబుతాయి. పంచాయతీ ఎన్నిక అంటే, వీధి దీపం వెలగకపోతే ఎవరింటి తలుపు తట్టాలో తెలిసిన ఎన్నిక.

మొదటి విడతలో రాష్ట్రమంతటా 3,249 పంచాయతీలకు 525 ఏకగ్రీవమయ్యాయి. అంటే ఆరింటికి ఒకటి. ఒక్క చిత్తూరు జిల్లాలోనే అవి నూరు దాటాయి. అప్పటి పదమూడు జిల్లాల రాష్ట్రంలో ఐదో వంతు ఏకగ్రీవాలు ఒకే జిల్లాలో వచ్చాయన్నమాట. అప్పటి ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ చిత్తూరు, గుంటూరు జిల్లాల ఏకగ్రీవాలను ప్రకటించవద్దని ఆపి, నివేదికలు తెప్పించుకుని, కొద్ది రోజుల తర్వాత అనుమతి ఇచ్చారు. బెదిరించి నామినేషన్లు వేయనివ్వలేదని ప్రతిపక్షాలు, సంక్షేమ పథకాలు చూసి జనమే ఒక్కటయ్యారని అధికార పక్షం వాదించుకున్నాయి. పట్టిక చూసి ఏ ఊళ్లో ఏది నిజమో చెప్పలేం. అయితే ఒక జిల్లా అంకె రాష్ట్ర సగటుకు అంత దూరంగా నిలబడితే, కారణం అడగడం పౌరుడి పని అని నా నమ్మకం.

అసలు పెద్ద అంకెలు పరిషత్ ఎన్నికల్లో ఉన్నాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 65 జడ్పీటీసీ స్థానాలుంటే 30 ఏకగ్రీవం. 901 ఎంపీటీసీ స్థానాలుంటే 433 ఏకగ్రీవం. రెండూ సగానికి కాస్త తక్కువ. రాష్ట్రం మొత్తంలో 660 జడ్పీటీసీల్లో 126, 10,047 ఎంపీటీసీల్లో 2,371 ఏకగ్రీవమయ్యాయి. నూటికి 19, 24 చొప్పున. మన జిల్లా అంకె ఆ రెండింటికీ రెట్టింపు. జిల్లా పల్లె జనాభా 2011లో 29 లక్షలకు పైన ఉంది కాబట్టి ఒక ఎంపీటీసీ పరిధిలో సగటున 3,200 మంది, ఒక జడ్పీటీసీ పరిధిలో 45 వేల మంది. లెక్క కట్టండి: 30 జడ్పీటీసీలంటే సుమారు పదమూడున్నర లక్షల మంది తమ జిల్లా పరిషత్ సభ్యుడికి ఓటు వేయలేదు.

మిగిలిన 35 జడ్పీటీసీల్లో ఓటు పడిన 33 స్థానాలూ వైసీపీవే. ఇక్కడ రెండో సందేహం రావాలి, రాకపోతే మనం సరిగా చదవడం లేదు: ‘పోలింగ్ జరిగింది కాబట్టి ఇది నిండు పోటీ అనుకోవచ్చా?’ అనుకోలేం. పోలింగ్‌కు ఆరు రోజుల ముందు, ఏప్రిల్ 2న, ఈ ఎన్నికలను బహిష్కరిస్తున్నట్టు టీడీపీ ప్రకటించింది. బ్యాలెట్ మీద సైకిలు గుర్తు అలాగే ఉంది. కొన్ని చోట్ల అభ్యర్థులు మాట వినకుండా పోటీలో నిలబడ్డారు, ఎక్కువ చోట్ల ప్రచారం ఆగిపోయింది. ప్రధాన ప్రత్యర్థి తప్పుకున్న ఎన్నికలో వచ్చిన నూటికి నూరును, తప్పుకోని మున్సిపల్ ఎన్నికలో వచ్చిన నూటికి 87ను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఈ పరిషత్ ఎన్నిక తేదీలు కూడా మామూలువి కావు. నామినేషన్లు 2020 మార్చిలో వేశారు. ఉపసంహరణ గడువు ముగిసిన మరునాడే, మార్చి 15న, కరోనా కారణంగా ఎన్నికలు వాయిదా పడ్డాయి. పోలింగ్ 2021 ఏప్రిల్ 8న జరిగింది. మే 21న హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఎన్నికను రద్దు చేసింది. సెప్టెంబర్ 16న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును కొట్టేసి ఓట్ల లెక్కింపుకు దారి ఇచ్చింది. సెప్టెంబర్ 19న పెట్టెలు తెరిచారు. వేసిన ఓటు 164 రోజులు పెట్టెలో ఉంది. ఏకగ్రీవంగా ఎన్నికైనవాళ్లు కుర్చీ కోసం ఏడాదిన్నర ఆగారు. ఇంత కాలం పట్టిన ఎన్నికలో 2020 మార్చి నాటి భయమో, మొహమాటమో, ఒప్పందమో 2021 సెప్టెంబర్ ఫలితంలో అలాగే గడ్డకట్టి ఉండిపోయింది. మధ్యలో ఎవరి మనసు మారినా దానికి చోటు లేదు. మున్సిపల్ ఎన్నికల్లో కూడా అలా గడ్డకట్టిన కొన్ని వార్డుల్లో మళ్లీ నామినేషన్లు వేసుకోవచ్చని 2021 మార్చిలో ఎన్నికల సంఘం చెబితే హైకోర్టు ఒప్పుకోలేదు. వాటిలో తిరుపతి, పుంగనూరు వార్డులున్నాయి.

‘ఏకగ్రీవం చెడ్డదా మరి? ఊళ్లో గొడవలు లేకుండా పెద్దమనుషులు కూర్చుని ఒకర్ని అనుకుంటే తప్పేముంది?’ అని అడిగేవాళ్లు మన పల్లెల్లో చాలా మందే ఉన్నారు. వాళ్ల మాటలో బరువుంది. పాత కక్షలున్న ఊళ్లో ఎన్నిక అంటే కేసులు, ఆసుపత్రి ఖర్చులు, పండగకు కూడా పలకరించుకోని అన్నదమ్ములు. అలాంటి చోట మనస్ఫూర్తిగా కుదిరిన ఒప్పందం మేలే. అయితే రచ్చబండ మీద కూర్చున్నవాళ్లెవరు, ఆ రోజు ఎస్సీ కాలనీ వాళ్లను పిలిచారా, ఆడవాళ్ల మాట విన్నారా అన్నది కూడా చూడాలి. రిజర్వు స్థానంలో ఎవరు నిలబడాలో రిజర్వేషన్ లేని పెద్దలు నిర్ణయించి, మిగిలినవాళ్లను వెనక్కి తీయిస్తే అది ఒప్పందం కాదు. సర్పంచి పదవికి గుళ్లో వేలం పాడి, ఎక్కువ పాడినవాడికి ఇవ్వడం అసలు చట్టమే ఒప్పుకోదు, ఆ డబ్బు గుడి మరమ్మతుకే వాడినా సరే.

ఏకగ్రీవమైతే ప్రభుత్వం డబ్బిస్తుంది కదా అనే మాటనూ తూకం వేద్దాం. 2021లో ప్రకటించిన ప్రోత్సాహకం ఇది: 2 వేల లోపు జనాభా ఉన్న పంచాయతీకి 5 లక్షలు, 5 వేల వరకు 10 లక్షలు, 10 వేల వరకు 15 లక్షలు, ఆ పైన 20 లక్షలు. 2 వేల మంది ఉన్న ఊరికి 5 లక్షలంటే తలకు 250. నలుగురున్న ఇంటికి వెయ్యి రూపాయలు. సర్పంచి పదవి ఐదేళ్లు కాబట్టి ఏడాదికి 200, నెలకు 17 రూపాయల లోపు. అదీ చేతికి రాదు, ఊరి పనులకు వెళుతుంది. 10 వేల మంది ఉన్న పెద్ద పంచాయతీకైతే తలకు 150 మాత్రమే. ఊరు పెద్దదయ్యే కొద్దీ ఓటు ఇంకా చవక అవుతుంది.

ఇప్పుడు ఏకగ్రీవంతో సంబంధం లేకుండా వచ్చే డబ్బు చూడండి. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాలకు, పంచాయతీలకు ఎంత వాటా ఇవ్వాలో చెప్పే ఆర్థిక సంఘం ఒకటి ఉంది. పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు కేటాయించింది. 2011 లెక్కల్లో దేశంలో పల్లె జనం 83 కోట్లు. అంటే సగటున తలకు 2,800 పైన. అందులో పంచాయతీ వాటా కనీసం 70 శాతం, మిగిలింది మండల, జిల్లా పరిషత్తులది. నలుగురున్న ఇంటి లెక్కలో పంచాయతీకి చేరవలసింది ఐదేళ్లలో దాదాపు 8 వేలు. ఎక్కువ భాగం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలి. ఏకగ్రీవానికి ఇచ్చే వెయ్యి పక్కన ఈ 8 వేలు పెట్టి చూస్తే ఊరికి అసలు డబ్బు ఎక్కడుందో తెలుస్తుంది. దీనికి ఉన్న షరతుల్లో ఒకటి, ఊళ్లో ఎన్నికైన పాలకవర్గం ఉండాలి. పోటీలో గెలిచారా, ఏకగ్రీవంగా గెలిచారా అని ఆ షరతు అడగదు. 2018 ఆగస్టులో పాత సర్పంచుల గడువు ముగిశాక 2021 ఏప్రిల్‌లో కొత్తవాళ్లు కూర్చునేదాకా రెండేళ్ల ఎనిమిది నెలలు మన పంచాయతీలను ప్రత్యేకాధికారులు నడిపారు. ఆ కాలంలో సమయానికి ఎన్నిక పెట్టకపోవడం వల్ల జరిగిన నష్టం ముందు ప్రోత్సాహకాల మాట చిన్నది.

పోటీ లేకుండా గెలవడం మన ఒక్కరి సంగతి కాదు. ఆస్ట్రేలియా పల్లె ప్రాంతాల కౌన్సిళ్లలోనూ అభ్యర్థులు పోటీ లేకుండా ఎన్నికవుతుంటారు. కారణం వేరు. అక్కడ ఊళ్ల మధ్య దూరాలెక్కువ, జనం తక్కువ, కౌన్సిలర్ పనికి ముందుకొచ్చేవాళ్లు దొరకరు. కొన్ని చోట్ల ఉన్న సీట్లకు సరిపడా నామినేషన్లే రావు. దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రాల్లో కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు తప్పనిసరి కాదు, మూడో వంతు మందే ఓటేస్తారు. మన దగ్గర నిలబడేవాళ్లకు కొదవ లేదు, పంచాయతీ ఎన్నికలో నూటికి 80 మంది ఓటేస్తారు. ఇంత ఆసక్తి ఉన్న చోట దాదాపు సగం పరిషత్ స్థానాలు పోటీ లేకుండా ముగిశాయంటే, ఆస్ట్రేలియా పల్లెకు చెప్పుకున్న కారణం పుంగనూరుకు సరిపోదు.

చివరిగా చాలామంది అడిగేది, ‘స్థానిక ఫలితాలు చూసి రాబోయే అసెంబ్లీ ఫలితం చెప్పొచ్చా?’ కుప్పం కథ వింటే ఆ అలవాటు మానేస్తారు. 1989 నుంచి చంద్రబాబు నాయుడు గెలుస్తున్న నియోజకవర్గం అది. 2019లో ఆయన ఆధిక్యం 30,722. రెండేళ్లు తిరగకుండానే, 2021 ఫిబ్రవరిలో, అక్కడి 89 పంచాయతీల్లో 74 వైసీపీ మద్దతుదారులకు వచ్చాయి, 14 టీడీపీకి, ఒకటి కాంగ్రెస్‌కు. నవంబర్‌లో కొత్త మున్సిపాలిటీకి జరిగిన తొలి ఎన్నికలో 25 వార్డుల్లో 19 వైసీపీవి, 6 టీడీపీవి. అక్కడ ఏకగ్రీవం ఒక్క వార్డే, మిగతా 24లో గట్టి పోటీ జరిగింది. అందుకే ఆ ఏడాది జిల్లాలో వచ్చిన అంకెల్లో నేను ఎక్కువ విలువ ఇచ్చేది కుప్పం మున్సిపల్ ఫలితానికే. కుప్పంలో టీడీపీ పని అయిపోయిందని అప్పుడు అన్నవాళ్లున్నారు. 2024లో చంద్రబాబు ఆధిక్యం 48,006కు పెరిగింది. జిల్లా మొత్తం చూసినా అంతే. 2019లో 14 అసెంబ్లీ స్థానాల్లో వైసీపీకి 13 వచ్చాయి. 2024లో పుంగనూరు, తంబళ్లపల్లె రెండే మిగిలాయి.

స్థానిక సభల లోపలి లెక్కలు ప్రజలు ఓటేయకుండానే మారిపోతాయి. 2025 ఫిబ్రవరి 4న తిరుపతి డిప్యూటీ మేయర్ పదవికి ఎన్నిక జరిగింది. 2021లో ఒక్క డివిజన్ గెలిచిన టీడీపీ 26 ఓట్లతో గెలిచింది, 48 గెలిచిన వైసీపీకి 21 వచ్చాయి. ఏప్రిల్ 28న కుప్పం మున్సిపల్ చైర్మన్ పదవి 15-9 తేడాతో టీడీపీకి వెళ్లింది. అక్కడ 2021లో వార్డుల లెక్క 19-6, వైసీపీ వైపు. మధ్యలో కార్పొరేషన్‌కు గానీ, మున్సిపాలిటీకి గానీ సాధారణ ఎన్నిక జరగలేదు. 2024 జూన్‌లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, ఎన్నికైనవాళ్లలో కొందరు పక్షం మారారు. ఎమ్మెల్యేలు, ఎంపీలకు పదవి రీత్యా కౌన్సిల్‌లో ఓటుంటుంది, అవీ ఈ లెక్కలో కలుస్తాయి. 2021లో ఏకగ్రీవాలను తప్పుపట్టినవాళ్లు 2025లో ఈ మార్పులను మెచ్చుకున్నారు, అప్పుడు మెచ్చుకున్నవాళ్లు ఇప్పుడు తప్పుపట్టారు. ఓటరు వైపు నుంచి చూస్తే రెండూ ఒకే రకం. రెండుసార్లూ అతన్ని అడగలేదు.

కాబట్టి మళ్లీ ఎన్నికలొచ్చినప్పుడు ఫలితాల రోజు కన్నా ముందు రోజొకటి గుర్తు పెట్టుకోండి, నామినేషన్ల ఉపసంహరణకు చివరి రోజు. ఆ మధ్యాహ్నం మూడు గంటలు దాటాక బరిలో ఎవరున్నారో తెలిపే జాబితా రిటర్నింగ్ అధికారి నోటీసు బోర్డుకు ఎక్కుతుంది. బలవంతంగా తప్పించారనో, సంతకం తనది కాదనో అభ్యర్థికి అనిపిస్తే ఎన్నికల సంఘానికి వెంటనే రాతపూర్వకంగా చెప్పాలి. తిరుపతి 7వ డివిజన్ ఆగింది అలాంటి ఫిర్యాదు మీదే. ఫలితం ప్రకటించాక అయితే మామూలు కేసు పనికిరాదు, గడువులోగా ఎన్నికల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. మీ వార్డు ఏకగ్రీవమైతే నోటాకు, అంటే ‘వీళ్లెవరూ వద్దు’ అనే గడికి, ఓటేసే అవకాశం కూడా పోతుంది. మహారాష్ట్ర, హర్యానా ఎన్నికల సంఘాలు 2018లో తమ స్థానిక ఎన్నికల్లో నోటాను కూడా ఒక అభ్యర్థిలాగే లెక్కించి, దానికే ఎక్కువ ఓట్లొస్తే మళ్లీ ఎన్నిక పెట్టాలని ఆదేశించాయి. ఒక్కరే మిగిలిన వార్డులో కూడా పెట్టె పెట్టి, ‘ఈయన సరేనా, కాదా’ అని జనాన్ని అడిగే పద్ధతి మన రాష్ట్రంలో రావాలని నేను కోరుకుంటున్నాను. ఊరంతా నిజంగా ఒక్కమాట మీద ఉంటే ఆ పెట్టెలో అదే తేలుతుంది. దానికి అయ్యే ఖర్చు ఒక పోలింగ్ కేంద్రం, ఒక రోజు.